పూల్‌సింగ్ ఊపుడు రోగం

పూల్‌సింగ్ అన్నకు ఒకే ఒక్క రోగం ఉండేది. ఆగి ఉన్న బండి కనిపిస్తే చాలు, ముందు చక్రం మీద ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి ఊపేవాడు. బండి తన షెడ్డుకు వచ్చిందా, పక్కన చాయ్ తాగడానికి ఆగిందా అన్న విచారణే లేదు. ఊపి, చెవి ఒగ్గి విని, లేచి దుమ్ము దులుపుకొని, బండివాణ్ణి నమస్తేకు బదులు, బండిలో కూర్చునేవాళ్ల గురించి ఒకటే ప్రశ్న అడిగేవాడు.

"ఇండ్ల ఎవరు కూసుంటరు?"

అతని షెడ్డు పాల్వంచకు ఎనిమిది కిలోమీటర్ల ఇవతల, అడవిలోని తండాల దారి వచ్చి పెద్ద రోడ్డులో కలిసే మలుపు దగ్గర ఉండేది. ఎదురుగా స్పీడ్ బ్రేకర్. అక్కడ ప్రతి బండీ నెమ్మదించక తప్పదు. ఆ స్పీడ్ బ్రేకర్‌ను సర్కారు వేసిందో, పూల్‌సింగ్ అన్నే వేయించుకున్నాడో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

ఒకసారి ఎస్సై గారి జీపు చాయ్ హోటల్ ముందు ఆగింది. ఎస్సై గారు గ్లాసు అందుకునేలోపే జీపు ఊగడం మొదలైంది.

"ఎవడ్రా టైరు పీకేది?"

"పీకుత లేను సార్, ఊపుతున్న. ఇండ్ల ఎవరు కూసుంటరు?"

"నేను కూసుంట! లేకపోతే దొంగలు కూసుంటరు!"

"దొంగ ఎనకాల కూసుంటడు సార్, వానికేం గాదు. ముందల కూసునేది మీరే గదా."

ఎస్సై గారు చాయ్ సగంలో వదిలేసి జీపు అక్కడే అప్పగించి బస్సెక్కారు.

అన్న భార్య జమ్లక్కను అడిగితే ఈ రోగం పాతదేనని చెప్పేది. "నన్ను సూడనీకి వచ్చినప్పుడు నా మొకం సూస్తడేమో అనుకున్న. మా నాయిన ఎడ్లబండి చక్రం ఊపుకుంట కూసున్నడు. లగ్గం ఖాయమైంది నాతోనా బండితోనా అని మా అమ్మ పరేషాన్ అయింది."

ఇంతకీ అన్న వెతికేది బాల్ జాయింటు. మనిషికి తుంటి కీలు ఎట్లాగో బండి ముందు చక్రానికి అది అట్లా. గిన్నెలో ఇనుప గుండు, చుట్టూ గ్రీజు, పైన రబ్బరు తొడుగు. తొడుగు చిరిగితే దుమ్ము, నీళ్లు లోపలికి పోతాయి. గ్రీజు ఎండుతుంది, గిన్నె అరుగుతుంది, ఒకనాడు గుండు ఊడి బయటికి వస్తుంది. అప్పుడు చక్రం ఒకవైపు, బండి ఒకవైపు. ఇదంతా నాకు అన్నే చెప్పాడు, కనీసం నలభైసార్లు. నేను కూడా శ్రద్ధగా నలభైసార్లు మరిచిపోయాను.

నాది కిరాయి సుమో. రెండువేల నాలుగు మార్చిలో ఒక తండా నుంచి ఆరుగురు ఆడపిల్లలను పదో తరగతి పరీక్షలకు పాల్వంచ తీసుకుపోయే పని ఒప్పుకున్నాను. పరీక్షలకు వారం ముందే అన్న నా బండిని ఊపాడు.

"తమ్మీ, ఎడమ దిక్కు కింది జాయింటు పోయింది. ఎవరు కూసుంటరు ఇండ్ల?"

"ఆరుగురు ఆడపిల్లలు అన్నా, పదో తరగతి. పరీక్షలు అయినంక చేపిస్త."

"పరీక్ష వాళ్లకే గాదు, జాయింటుకు గూడ ఉంటది."

నేను నవ్వి వెళ్లిపోయాను. నా దగ్గర మందు లేకపోలేదు. చిరిగిన తొడుగు మీద సైకిల్ ట్యూబు ముక్క చుట్టి తీగతో బిగించాను. మా డ్రైవర్లందరికీ తెలిసిన వైద్యమే ఇది. అయినా టక్ టక్‌మని చప్పుడు ఆగలేదు. దానికీ మందుంది. టేప్ రికార్డర్ గట్టిగా పెట్టాను.

మొదటి పరీక్ష రోజు పొద్దున ఎనిమిదిన్నరకు స్పీడ్ బ్రేకర్ దగ్గర బండి నెమ్మదించింది. పూల్‌సింగ్ అన్న రోడ్డు నడిమధ్య చేతులు చాపి నిలబడి ఉన్నాడు.

"అన్నా, జరుగు! తొమ్మిదిన్నరకు పరీక్ష!"

"అవ్. అందుకే దిగు."

కిటికీలో చెయ్యి పెట్టి తాళం చెవి లాగి జేబులో వేసుకున్నాడు. చక్రాన్ని పట్టి ఉంచే కింది ఆర్మ్‌కు జాకీ పెట్టి చక్రం లేపాడు. టైరు కింద గడ్డపార పెట్టి ఎత్తితే చక్రం పాలపన్నులా కదిలింది. ట్యూబు ముక్క చూసి, "ఈ పట్టీ కట్టిన డాక్టరెవడు?" అన్నాడు. నేను ఆకాశం చూశాను.

బండి దిగి నిలబడ్డ పిల్లల్లో లాలి అనే అమ్మాయి హాల్ టికెట్ గుండెలకు అదుముకొని ఏడుపు మొదలుపెట్టింది. నాకు ఒళ్లు మండిపోయింది. "నీ ఊపుడు రోగంతోని పిల్లల సంవత్సరం నాశనం చేస్తున్నవ్!" అని అరిచాను. నా తప్పు నాకు తెలిసినప్పుడే నా గొంతు అంత పెద్దగా లేస్తుంది.

అన్న నా వైపు చూడనేలేదు. షెడ్డు పక్కన బంతిపూలు కట్టిన తెల్లకారు ఉంది. టైర్లలో గాలి పట్టించుకోవడానికి ఆగింది. లోపల డ్రైవరు, నుదుట బాసికంతో శివ అనే పెళ్లికొడుకు, పక్కన అతని మేనమామ వెంకటప్పయ్య గారు. భద్రాచలంలో పెళ్లి.

"మామా, మూర్తం ఎన్నింటికి?"

"పదకొండు పదికి. ఏందయ్యా సంగతి?"

"మీ చక్రాలు ఇప్పుడే ఊపిన. సూది మందం కదలలే. జర దిగుండ్రి, పిల్లలను పరీక్షకాడ దింపి రావాలె."

వెంకటప్పయ్య గారు అదిరిపడ్డారు. "పెండ్లి కారయ్యా ఇది! మూర్తం దాటిపోతే?"

"పెండ్లికొడుకు లేకుంట మూర్తం యాడికి పోతది? పరీక్షయితే ఎవ్వరి కోసం ఆగదు మామా."

ఆయన ఇంకేదో అనబోతుండగా శివ తలుపు తీసుకొని దిగాడు. "నేను పదో తరగతి రెండుసార్లు రాసిన మామా. పోనియ్యి," అన్నాడు.

ఆరుగురు పిల్లలు బంతిపూల కారులో ఇరుక్కొని కూర్చున్నారు. కారు కదిలాక గానీ నా ఊపిరి కదల్లేదు.

అన్న మమ్మల్ని ఖాళీగా కూర్చోనిస్తాడా? నట్టు జారకుండా పెట్టిన చీల పీకి, నట్టు వదులు చేశాడు. నా చేతికి గడ్డపార ఇచ్చి ఆర్మ్‌ను కిందికి అదమమన్నాడు. పెద్ద సుత్తి పెళ్లికొడుకు చేతికిచ్చి, జాయింటు బిగుసుకున్న ఇనుప రింగుకు ఒకవైపు ఆనించమన్నాడు. తను రెండోవైపు నుంచి కొట్టాడు.

"బోల్టు నెత్తి మీద కొడితే పాడైతది. పక్కలకెళ్లి కొడితే అదే ఇడుస్తది. గట్టిగ పట్టు బిడ్డా, రేపు సంసారంల గూడ పనికొస్తది."

నాలుగో దెబ్బకు జాయింటు విడిచింది. పాతది ఊడదీసి నా అరచేతిలో పెట్టాడు. నేను కొంచెం వంచానో లేదో, గుండు గిన్నెలోంచి జారి చేతిలో పడింది. పాల్వంచ వరకు ఉన్న ప్రతి గుంతా, ప్రతి లారీ నా కళ్ల ముందు కదిలాయి.

"కొత్తది యాడ దొరుకుతది అన్నా ఇప్పుడు?" అని చివరికి అడిగాను.

షెడ్డులోంచి అట్టడబ్బా తెచ్చాడు. మొన్ననే బస్సెక్కి ఖమ్మం పోయి తెచ్చాడట. "నువ్వు తేవని ఎరికే," అన్నాడు.

తొమ్మిది పదికల్లా కారు తిరిగొచ్చింది. పిల్లలు వేళకు చేరారు. కారు బంతిపూలలో సగం మాత్రం వాళ్ల జడల్లోకి చేరాయి. శివ చేతికి గ్రీజు, ముఖాన నవ్వు అంటుకొని భద్రాచలం వెళ్లాడు. ఆ గ్రీజు చేత్తోనే తాళి కట్టాడనీ, ఫోటోలో కనిపిస్తుందనీ తర్వాత తెలిసింది.

సాయంత్రం పిల్లలను మళ్లీ తండాలో దింపి షెడ్డు దగ్గర ఆగాను. షెడ్డు గోడ మీద పాత బాల్ జాయింట్లు తీగలకు వేలాడుతూ ఉండేవి. ఒక్కోదాని మీద తెల్ల పెయింటు చుక్కలు. ఎన్ని దెబ్బలకు ఊడిందో గుర్తు పెట్టుకుంటాడని మేం ఎగతాళి చేసేవాళ్లం. అన్న నా పాత జాయింటు మీద చుక్కలు పెడుతున్నాడు.

"ఇవేం చుక్కలన్నా?"

"అండ్ల కూసునేటోళ్లు. నాకు రాసుడు రాదు గదా. ఇది ఎస్సై సారుది, రెండు చుక్కలు."

"రెండోది ఎవరు?"

"దొంగ."

ఆ గోడ నిండా వందల చుక్కలున్నాయి. ఇన్నేళ్లూ ఎవరు కూర్చుంటారని ఎందుకు అడిగేవాడో నాకు అప్పుడు తెలిసింది. పొద్దున అరిచినందుకు సిగ్గేసింది. నా జాయింటు తీసి చూశాను. మొత్తం ఏడు చుక్కలు.

"పిల్లలు ఆరుగురే గదన్నా. ఏడోది ఎవరిది?"

"బండి దానంతట అదే పోతదా? నువ్వు కూసోవా?"

ముఖం దాచుకోవడానికి వంగి, కుడివైపు చక్రం మీద ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి గట్టిగా ఊపాను.

"ఎట్లుంది తమ్మీ?" అన్నాడు పూల్‌సింగ్ అన్న.

"గట్టిగనే ఉందన్నా."

"జర జరుగు," అంటూ వచ్చి, నా మాట నమ్మకుండా మళ్లీ తనే ఊపాడు.