మా ఆవిడ నల్లపొడి

నేను బస్సు కండక్టర్ని, జనంతో వేగుతాను. మా ఆవిడ ల్యాబులో గాలితో వేగుతుంది.

గాలి నిండా నైట్రోజనే. మొక్కలకు అది కావాలి, కానీ నేరుగా తినలేవు. చిక్కుడు లాంటి మొక్కల వేళ్ళలో ఉండే సూక్ష్మజీవులు దాన్ని అమోనియాగా మార్చి పెడతాయి. వాటి లోపల ఆ పని చేసేది ఇనుమూ గంధకమూ కలిసిన చిన్న ముద్ద. అలాంటిదాన్ని సొంతంగా తయారుచేయాలని మా ఆవిడ పంతం. తీరా తయారైన నల్లపొడికి గాలి సోకితే చాలు, తుప్పయిపోతుంది! అందుకే గాలి చొరని గాజుపెట్టెలోకి, రబ్బరు తొడుగుల్లోంచి భుజాల దాకా చేతులు దూర్చి పనిచేస్తుంది. ముక్కు దురద పెడితే "ఎవరైనా రండర్రా!" అని కేకేస్తుంది. దగ్గర్లో ఎవరుంటే వాళ్ళు వచ్చి గోకి పోవాలి. అది ఆ ల్యాబు మర్యాద.

మొన్న పరీక్ష ద్రవం నీలంగా మారింది. అమోనియా ఉంటే అలాగే మారాలి. అందరూ గంతులేశారు. ప్రొఫెసర్‌గారు ఆ ద్రవమున్న గాజుకుప్పె మీదికి వంగి మురిసిపోతుంటే నీలం ఇంకా ముదిరింది. మా ఆవిడకు అనుమానమొచ్చి గాలి వాసన చూసింది.

"సార్... పొద్దున జుట్టుకు రంగేసుకున్నారా?"

ఆ రంగులోనూ అమోనియా ఉంటుంది మరి! ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"ఇంకొక్కసారి చూడమ్మా. ఈసారీ తేలకపోతే పెట్టె వేరేవాళ్ళకి ఇచ్చేస్తా."

పెట్టె పోతే తన పని పోయినట్టే. ఇంటికొచ్చి కంచం ముందు అలాగే కూర్చుండిపోయింది. నాకు ఒళ్ళు మండింది. "రంగేసుకున్నది ఆయన, శిక్ష నీకా!" అన్నాను.

ఈసారి బరువు నైట్రోజన్ అనే అరుదైన రకం వాడింది. దాంతో పుట్టిన అమోనియా కూడా మామూలుదానికన్నా బరువు తూగుతుంది. అలాంటిది ఎవరి జుట్టులోంచీ ఊడిపడదు.

నిన్న కిక్కిరిసిన బస్సులో టికెట్లు కొడుతుంటే ఫోన్ మోగింది. అవతల నవ్వో ఏడుపో తెలియడం లేదు.

"ఏమైందే?"

"బరువుగా ఉందండీ! నా పొడే చేసింది!"

ఆనందం పట్టలేక మెడలోని ఈల ఊదేశాను. డ్రైవర్ నడిరోడ్డు మీద బస్సు ఆపేశాడు. "మా ఆవిడ గాలిలోంచి అమోనియా తీసింది!" అని అరిచాను. ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు, అయినా అందరూ చప్పట్లు కొట్టారు. ముందు సీట్లో పెద్దావిడ "ఎంత తీసిందయ్యా?" అంది. అదే ఫోన్లో అడిగాను.

"ఒక్క పూలకుండీకి కూడా చాలదు. పొడేమో ఆ ఒక్క దెబ్బకే చచ్చింది."

"మరి పెట్టె?"

"చేతులు అందులోనే ఉన్నాయండీ, కొత్త పొడి చేస్తున్నా. ఫోన్ సార్ పట్టుకున్నారు."