శవాసనంలో మండపీతలు

యోగాతో ఒళ్లు తేలికవుతుందని అందరూ చెబుతారు. నేను యోగాను మనసుకు పట్టించుకున్న రోజున మాత్రం మా రాజోలు కమ్యూనిటీ హాల్లో ఒక్క మనిషి కాలు నేలమీద లేదు. నవ్వుకోండి, ఫరవాలేదు. మీ కాళ్లు కూడా కాస్త పైకి పెట్టుకుని చదివితే మంచిది.

మాకు ఆసనాలు నేర్పేది సుగుణ టీచరుగారు. యాభై దాటిన నాకు అక్షరాలు నేర్పిందీ ఆవిడే. హాలు గోడకి యమనియమాల బోర్డు ఒకటి వేలాడుతుంటుంది. మర్నాడు జరిగే యోగా సభలో దాన్ని చదివే పని టీచరుగారు నాకిచ్చారు. నలుగురి ముందు నిలబడి చదవడం నా జన్మలో మొదటిసారి. రెండు రోజులుగా నాకు అన్నం సయించడం లేదు. పక్క చాప భ్రమరాంబగారికి నిద్ర పట్టడం లేదు.

“ఈవిడ కూడబలుక్కుని చదివేసరికి తెల్లారిపోద్దండీ,” అందావిడ.

“తెల్లారేక టిఫిను చేసే వెళ్దాం లెండి,” అన్నారు టీచరుగారు.

ఆ పూట మా తమ్ముడు భోజనానికొస్తున్నాడని, క్లాసుకొస్తూ దారిలో మూడు మండపీతలు కొన్నాను. పురికొసతో కట్టిపడేసిన వాటిని బుట్టలో వేసి హాలు మూల పెట్టాను. తర్వాత పద్మాసనంలో కూర్చుని, కొబ్బరికాయ పీచు ఒలిచినట్టు నా కాలిని రెండు చేతులా లాగుతున్నాను.

“నాగమణిగారూ, ఏ జీవినీ హింసించకూడదంటే అందులో మీ మోకాలూ ఉందండీ,” అన్నారు టీచరుగారు. “ఊపిరి వదులుతూ, అది వచ్చినంతే రానివ్వండి.”

వదిలాను. మోకాలు హాయిగా సర్దుకుంది. నా మోకాలికే ఇంత దయ దక్కితే, బుట్టలో వాటి సంగతేమిటి? శవాసనంలో అందరూ కళ్లు మూసుకున్నాక పిల్లిలా లేచి వెళ్లి పీతల కట్లు వదులు చేశాను. కొంచెమే, ఊపిరాడేటంత. తిరిగొచ్చి పడుకుంటే నాకు రెక్కలు మొలిచినట్టే ఉంది.

“మనసు కాలివేళ్ల మీద పెట్టండి. ఏం తెలుస్తోందో గమనించండి,” అంటున్నారు టీచరుగారు.

“ఏదో పాకుతోందండీ,” అంది భ్రమరాంబగారు.

“ఆయ్, మంచిదండీ. కదలకండి.”

“చల్లగా ఉందండీ.”

“ఇంకా మంచిది.”

“గుచ్చుతోందండీ!”

“గుచ్చకూడదే!” అని టీచరుగారు కళ్లు తెరిచారు.

నడుం వంగదని రోజూ మూలిగే భ్రమరాంబగారు ఒక్క గెంతులో బల్ల ఎక్కేసింది. మిగతావాళ్లు కుర్చీలెక్కారు. టీచరుగారు కిటికీ ఎక్కారు. నాకు దొరికిన ప్లాస్టిక్ స్టూలు మీద ఒక్క కాలికే చోటుంది.

“ఎవరు తెచ్చేరండీ ఇవి?” అన్నారు టీచరుగారు.

నాకు సరిగ్గా ఎదురుగా బోర్డు. అహింస కింద రెండో మాట సత్యం. ఆ ఒక్క క్షణం నాకు చదవడం రాకపోతే బాగుండుననిపించింది. చెప్పానంటే సభలో చదవడం పోయినట్టే.

“నేనేనండీ,” అన్నాను. “కట్లు కూడా నేనే వదులు చేశాను. అహింస కదా అని...”

“ఈవిడా రేపు చదివేది!” అంది బల్లమీద నుంచి భ్రమరాంబగారు.

టీచరుగారు కిటికీ ఊచలు పట్టుకుని కళ్లనీళ్లొచ్చేలా నవ్వారు. “నోరులేని జీవి మీద జాలిపడ్డం తప్పు కాదండీ, బుట్టకి మూత పెట్టకపోవడం తప్పు. నిజం ఒప్పుకున్న మనిషే రేపు చదువుతుంది. అన్నట్టు నాగమణిగారూ, వృక్షాసనం మీవల్ల కాదన్నారు కదా? ఎంత బాగా నిలబడ్డారో చూడండి. అప్పుడే దిగకండి.”

హాలంతా గాలిస్తే రెండే దొరికాయి. మూడోది లేదు. ఆ రెండూ ఇగురు పెట్టాను. నిజం చెప్పాలి కదా, ఆ పూటకి అహింస బోర్డు మీదే ఉండిపోయింది.

మర్నాడు సభలో గొంతు వణక్కుండా చదివాను. “అహింస. సత్యం. అస్తేయం, అంటే పరాయి వస్తువు తీసుకోకపోవడం.” ముందు వరసలో భ్రమరాంబగారికి ఒకటే దగ్గు.

సభ అయ్యాక నన్ను పక్కకి పిలిచి చేతిలో స్టీలు డబ్బా పెట్టింది.

“నా చేతిసంచిలో దూరిందండీ. ఇంటికెళ్లేక చూసేను. తెచ్చి ఇచ్చేద్దామనే అనుకున్నానండీ, ఈలోగా మావారు కూడా చూసేసేరు. మీకోసం కండున్న పీత డెక్క ఒకటి దాచేను. చాలా బాగా చదివేరండీ.”

ఆ డెక్క నములుతూ గట్టిగా శపథం చేశాను. ఇకమీదట ఏ నియమాన్నైనా బోర్డు చివరిదాకా చదివాకే ఆచరణలో పెడతాను. యోగాకి వెళ్లే దారిలో బీరకాయలు తప్ప ఏవీ కొనను. వాటికి కాళ్లుండవు.