పోలమ్మ ముక్క

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు ఫిట్టరు తవిటయ్య భార్య పోలమ్మకు చేత్తో బొంత కుట్టడం తల్లి నేర్పిన విద్య. కుట్టుమిషన్ మాత్రం అనుకోకుండా దొరికింది. దేశం విడిచి వెళ్లిపోతూ పక్క క్వార్టర్లోని గార్డుగారి భార్య తన తొక్కుడు మిషన్‌ను ఆమెకు వదిలి వెళ్లింది.

మిషన్ మీద బొంత ముక్కలు అతకబోతే తిప్పలు మొదలయ్యాయి. మొదటి కుట్టుకే గుడ్డ మూల సూది కింది రంధ్రంలోకి దిగబడి దారం ఉండ కట్టేది. అతుకు అయ్యాక గుడ్డ బయటికి తీయాలంటే జానెడు దారం లాగి తెంచాలి. అలా తెగిన పోగులు సాయంత్రానికి కాళ్ల దగ్గర గుప్పెడు చేరేవి. వాటిని ఊడ్చి పారెయ్యడానికి పోలమ్మకు ప్రాణం ఒప్పేది కాదు.

ఒకనాడు అతుకు చివర, గుడ్డను అదిమిపట్టే మిషన్ పాదం ఎత్తకుండా, చేతికందిన పాత ఖాకీ పీలిక మీదికి కుట్టు పోనిచ్చింది. సూదిని అందులోనే ఆపి, వెనకనున్న అతుకును కత్తిరించి తీసుకుంది. తర్వాతి ముక్కల జతను పీలికకు ముందు పెట్టి తొక్కింది. మూల దిగబడలేదు. లాగి తెంచవలసిన దారమూ లేదు. ఆ పూట నేల ఊడవాల్సిన పని లేకపోయింది.

డెబ్బై ఒకటి చలికాలంలో, తూర్పు బెంగాల్ నుంచి సరిహద్దు దాటి వచ్చిన శరణార్థులకు బొంతలు కుట్టాలని క్వార్టర్ల ఆడవాళ్లు పూనుకున్నారు. సుభాష్‌పల్లి బెంగాలీ ఆడవాళ్లూ కలిశారు. పాత చీరలు ఇంటింటి నుంచీ వచ్చాయి గానీ దారానికి కరువొచ్చింది. బజారులో దారం అమ్మే చెన్నకేశవరావు కొట్లో ఉన్న రీళ్లన్నీ ఇచ్చేసి, "కలకత్తా నుంచి సరుకు రావట్లేదమ్మా, ఇదే ఆఖరు" అన్నాడు.

పొరుగింటి అప్పలనర్సమ్మ రీళ్లు చూసి నీరసపడింది. "ఈటితో సగం బొంతలే అవుతాయి వదినా. మిగిలినోల్లకి ఏటి సెప్తాం?"

"సగమే ఎందుకవుతాయి? ఇలా కూకో. నా సెయ్యి సూడు."

అప్పలనర్సమ్మ మొదట అలవాటు కొద్దీ మిషన్ పాదం ఎత్తేసింది. "ఎత్తకమ్మా. పీలిక మీదికి పోనీ. అప్పుడు ఎనకాల కత్తిరించు" అంది పోలమ్మ. బెంగాలీ దీదీలకు సగం మాటలతో, సగం సైగలతో చెప్పింది.

కుట్ల మీద కుట్లు పడి పీలికలు అట్టల్లా బిగిసిపోసాగాయి. వట్టి పీలిక బదులు ఇంకో బొంత ముక్కల జతే పెడితే పోతుందనుకుంది పోలమ్మ. అప్పటి నుంచి ఒక బొంత అయ్యేసరికి పక్క బుట్టలో రెండోదానికి అతుకులు పోగయ్యేవి. రీళ్లు ఖాళీ కాకముందే అనుకున్న బొంతలన్నీ అయ్యాయి. పైన ఒకటి ఎక్కువే వచ్చింది.

శిబిరంలో ఒక ముసలమ్మ బొంత అందుకుని, అతుకును రెండు చేతులా గట్టిగా లాగి చూసింది. అది చెక్కుచెదరలేదు. ఎవరు కుట్టారని బెంగాలీలో అడిగింది.

"ఆమి" అంది పోలమ్మ, నేనే అన్నట్టు తల ఎత్తి.

తిరిగొస్తుంటే నాలుక కరుచుకుంది. "అందరం కుట్టినాం కదా, నానొక్కదాన్నే అని సెప్పీసినాను."

"సెప్పనీ వదినా. మాకు నేర్పింది నువ్వే కదా" అంది అప్పలనర్సమ్మ.

ఆ తర్వాత క్వార్టర్లలో ఎవరు మిషన్ ముందు కూర్చున్నా, పక్కవాళ్లు అడిగే మొదటి మాట ఒకటే: "పోలమ్మ ముక్క పెట్టినావా?"