గోడల్లేని గుమ్మాలు

మా ఇంటి దేవుడి మీద, రోజూ తాగే కాఫీ మీద ఒట్టేసి చెబుతున్నాను: ఇందులో ప్రతి అక్షరమూ నిజం. అరిజోనాలో మా ఊరు చాండ్లర్‌లో నన్నెరిగిన వాళ్ళు ఈపాటికే నవ్వడం మొదలుపెట్టి ఉంటారు. మా బాల్కనీలో గద్ద వాలి ఉప్మా తినిపోయిందని ఒకసారి చెప్పిన మాట వాస్తవమే. దానికీ దీనికీ సంబంధం లేదు.

ఆ మే నెలలో అత్తగారిని లాస్ ఏంజెలెస్‌లో మా మరదలి ఇంట్లో దింపడానికి కారులో బయలుదేరాను. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉండి మా ఆవిడ రాలేదు. రాలేదు గానీ, గరాజ్ దగ్గర నిలబడి ఒకటే పాట.

"అమ్మ కాళ్ళు జాగ్రత్త. చెప్పుల్లేకుండా ఒక్క అడుగు వెయ్యనివ్వకండి. మీ కబుర్లలో పడి మర్చిపోయారో, ఊరుకోను."

అత్తగారికి షుగరు. అమెరికా వచ్చిన కొత్తలో బొటనవేలికి చిన్న పుండు పడితే చలికాలమంతా మానలేదు. విజిటర్ల కోసం కొన్న ఇన్సూరెన్స్ పాత జబ్బులకు పనికిరాదు. ఈసారి పుండు పడితే వేలు తీసేయాల్సి రావచ్చని డాక్టరు అన్న దగ్గర్నుంచి మా ఆవిడ తల్లి చేత ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు వేయిస్తోంది. దేవుడి గది దగ్గర మాత్రం విడుస్తానన్న షరతు మీద ఆవిడ ఒప్పుకున్నారు.

కాలిఫోర్నియాలోకి వచ్చాక, ఎడారిలో రోడ్డు పక్కనే ఆ గుమ్మాలు కనిపించాయి. ఎవరో కళాకారుడు నిలబెట్టినవట. కూలగొట్టిన ఇళ్ళ తలుపులు, ద్వారబంధాలూ గడపలతో సహా, ఒకదాని వెనక ఒకటి. గోడల్లేవు, కప్పు లేదు. ఉన్నదల్లా ఇసుకా ఎండా.

"ఇవేవిటి బాబూ?" అన్నారు అత్తగారు, కారు ఆపగానే.

"చివరి తలుపు తీస్తే సముద్రం కనిపిస్తుందండీ. మైళ్ళు కలిసొస్తాయని ఇక్కడ ఆగుతారు."

"ఊరుకోండి, మీరు మరీనూ," అని నవ్వుతూ దిగారు.

నేను కెమెరాలో బ్యాటరీలు మార్చి తలెత్తేసరికి ఆవిడ మూడో గుమ్మం దాటుతున్నారు. మొదటి గుమ్మం గడపకు ఆ కళాకారుడు ఏ ఉద్దేశంతోనో పసుపు రంగు వేశాడు. దాని ముందు అత్తగారి చెప్పులు బుద్ధిగా పక్కపక్కన ఉన్నాయి. అవీ కళలో భాగమే అనుకున్నాడు కాబోలు, ఒక తెల్లాయన మోకాళ్ళ మీద కూర్చుని వాటిని ఫోటో తీస్తున్నాడు.

ఇసుక మీద చెయ్యి పెట్టి చూసి, చురుక్కుమనగానే లాక్కున్నాను. పరిగెత్తాను. చెప్పులు చేతికి తీసుకోవాలని తోచలేదు.

"అత్తయ్యగారూ, కాళ్ళు కాలిపోతాయి! ఆగండి!"

"ఏం కాలడం లేదు బాబూ. చల్లగానే ఉంది."

చల్లగానే ఉంది! డాక్టరు సూదితో గుచ్చితే తెలియని పాదాలవి.

"మీకు తెలియడం లేదంతే. ఇది పెనంలా ఉంది, నిజంగా!"

"సముద్రం కూడా నిజమేగా?" అని ఇంకో అడుగు వేశారు.

"గడప చెక్కది, దాని మీద నిలబడండి. చెప్పులు తెస్తాను."

"గడప తొక్కమంటారా? పెద్దదాన్ని, నాతో ఆ పని చేయిస్తారా?"

బూట్లు విప్పి ఇవ్వబోతే, అల్లుడి బూట్లలో కాళ్ళు పెడతానా అని రెండు చేతులూ అడ్డం పెట్టారు. నేను బతిమాలుతున్నంతసేపూ ఆవిడ ఆ ఇసుక మీదే నిలబడి ఉన్నారు. నిజంతో లాభం లేదని అప్పుడు తెలిసింది.

"ఆ తెల్లాయన్ని చూశారా? ఈ గుమ్మాలు కట్టింది ఆయనే. వీళ్ళ పద్ధతిలో చెప్పుల్లేకుండా గుమ్మం దాటితే ఇంటివాళ్ళని అవమానించినట్టు. పాపం, కింద కూలబడిపోయాడు చూడండి."

"అయ్యయ్యో! ముందే చెప్పొద్దూ!"

నేను చొక్కా విప్పి మడతపెట్టి పరిస్తే మారు మాట్లాడకుండా ఎక్కి నిలబడ్డారు. బనీనుతో పరిగెత్తి, ఫోటో తీస్తున్నాయన ముందు నుంచి చెప్పులు లాక్కొచ్చాను. కారులో ఆవిడ పాదాలు ఒళ్ళో పెట్టుకుని, నీళ్ళు పోసి, తుడిచి చూశాను. మచ్చ కూడా లేదు.

పాదాలకు మచ్చ కూడా లేదన్నది నేను కల్పించాను. మిగతాదంతా జరిగింది.

తుడిచినప్పుడే ఎడమ అరికాలు ఎర్రగా కమిలి ఉంది. మర్నాటికి బొబ్బ లేచి చితికింది. అత్తగారికి తెలియనే లేదు. నేల మీద తడి అడుగులు చూసి మరదలు కనిపెట్టింది. వేలూ కాలూ దక్కాయి గానీ, ఇండియా విమానం ఎక్కేదాకా కట్టు విప్పలేదు.

మా ఆవిడ ఫోన్ చేసి ఎలా అయిందని అడిగింది. నేను నోరు తెరిచేలోపే అత్తగారు ఫోన్ లాక్కున్నారు.

"స్నానాల గదిలో వేణ్ణీళ్ళు చూసుకోకుండా కాలి మీద పోసుకున్నానే. ఆయన్నేం అనకు."

అత్తగారు అబద్ధమాడగా అంతవరకూ ఎవరూ వినలేదు. మా ఆవిడ వెంటనే నమ్మింది. తరవాత ఫోన్ నా చేతికొచ్చింది. ఎడారిలో గుమ్మాలనీ, పసుపు గడపనీ, చెప్పులకు ఫోటో తీసిన మనిషినీ చెప్పేద్దామని నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పినా నమ్మేది కాదు.