బస్సులో ఆగని కాలు

పనిలో మనసు నలుగుతున్నా నామోషీతో నోరు మెదపని వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

డెబ్బయ్యో దశకంలో పటాన్‌చెరు దగ్గరి కార్ఖానాలో రేకులు కోసే ప్రెస్సు నడిపేవాణ్ణి. కాలితో పెడలు తొక్కడం, చెయ్యి లాక్కోవడం, రోజంతా ఇదే పని. చివరికి అన్నం ముందు కూర్చున్నా కాలు తొక్కుతూనే ఉండేది. గ్రంథాలయంలో నరాల గురించి చదివి, నాకు పిచ్చి మొదలైందని తేల్చుకున్నాను. ఉద్యోగం పోతుందని ఎవరికీ చెప్పలేదు.

ఒకరోజు ఇస్నాపూర్ బస్సులో పక్కనున్న ముసలమ్మ పాదం తొక్కాను. తీసేలోపే మళ్లీ తొక్కాను.

"ఏందిర కొడుకా, నా కాలేమన్న సైకిలా?" అని అరిచిందామె. బస్సంతా నవ్వింది. మోకాలిని రెండు చేతులతో అదిమినా కాలు ఆగలేదు.

వెనకనుంచి మా కార్ఖానా యాదయ్యన్న భుజం తట్టాడు. "పరేషాన్ గాకు తమ్మీ, నాకు గూడ గట్లనే అయింది. మిషన్ మార్చమని రేపు మేస్త్రీని అడుగుదాం, నేనొస్త."

"అయితే ఇది పిచ్చి కాదా అన్నా?"

"గిన్ని దినాలు దాసిపెట్టినవ్ సూడు, గదీ పిచ్చి!"

ప్యాకింగు పనికి మారాక కొన్ని వారాలకు కాలు కుదుటపడింది. పుస్తకాల మీద నా గౌరవం తగ్గలేదు గానీ, ముందు పక్కవాణ్ణి అడగాల్సింది. యాదయ్యన్నకు, పని మార్చిన రహీం మేస్త్రీకి, బస్సులో నేను తొక్కగా వాచిన కాలితోనే మర్నాడు "ఎట్లున్నవ్ బిడ్డా?" అని పలకరించిన పోచమ్మవ్వకు నా కృతజ్ఞతలు.