నాలుగు సున్నాల దాణా

కంప్యూటరు తప్పు చెప్పదని అందరం నమ్మిన కాలం ఒకటుండేది. నేనూ తప్పు చేయనని నమ్మేదాన్ని. రెండు నమ్మకాలూ ఒకే వారంలో పోయాయి. 1978లో (తేదీ కూడా డైరీలో ఉంది) హన్మకొండలో ఒక కాలేజీ లెక్కల విభాగంలో ఆరు నెలల టెంపరరీ ఉద్యోగం నాది. గడువు ఇంకా పదకొండు రోజులు. నన్ను ఉంచాలో పంపాలో తేల్చవలసిన హెడ్ సారు, ముందు డెయిరీ వాళ్ల దాణా లెక్క చేసిపెట్టమన్నారు. పత్తి చెక్క, పల్లి చెక్క, మక్కలు, తవుడు ఎన్నెన్ని కిలోలు కలిపితే ఆరు పోషకాలు కోరిన అంకెలకు దగ్గరగా వస్తాయో చూడాలి, అంటే తేడాల వర్గాల మొత్తం అతి తక్కువ కావాలి. చేశాను. తవుడు మైనస్ మూడు కిలోలు వచ్చింది. డెయిరీ పశువుల డాక్టరు కళ్లద్దాల పైనుంచి చూసి, "బిడ్డా, బర్రె తిన్న తవుడు మూడు కిలోలు వాపసు ఎట్ల తీస్కోవాలె? జర అది గూడ రాసియ్యి" అన్నాడు.

పట్టుదల వచ్చింది. ప్రతి కిలోల అంకె స్థానంలో ఇంకో అంకె వర్గాన్ని పెట్టాను. వర్గం ఎప్పుడూ మైనస్ కాదు కదా. అయితే యంత్రానికి మొదట ఒక ఊహ ఇవ్వాలి, అక్కడి నుంచి అది వాలు చూసుకుంటూ, తేడా తగ్గే వైపు మెట్టు మెట్టుగా దిగుతుంది. కంప్యూటరు కార్డులకు కన్నాలు గుద్దే అన్న, "ఒకటి పెట్టు చెల్లె, అందరు గట్లనే పెడ్తరు" అన్నాడు. ఆధారం లేని అంకె నేను రాయనని చెప్పి, శుభ్రంగా నాలుగూ సున్నాలే పెట్టించాను.

మధ్యాహ్నం మడతలుగా కాగితం వచ్చింది. పైకి కనిపించే చివరి వరుసలో, లెక్క ఒక్క అడుగులో కుదిరిందని ఉంది. ఎంత చక్కగా పేర్చానో అని మురిసిపోయి, మడత విప్పకుండానే (నా జీవితంలో అదొక్కసారే) హెడ్ సారు బల్ల మీద పెట్టాను. డాక్టరే విప్పాడు. నాలుగు సరుకులూ సున్నా.

"ఇగ దాణ ఖర్చే లేదు సారు" అన్నాడు. "బర్రెను ఉపాసముంచుమంటాంది మిషిను."

హెడ్ సారు నవ్వలేదు. కారణం రేపటికల్లా చెప్పమన్నారు. సాయంత్రం చేత్తో వేసి చూస్తే తెలిసింది: సున్నా దగ్గర వర్గం వాలు కూడా సున్నాయే. ఎటు కదిలినా లాభం కనిపించక యంత్రం అక్కడే కూర్చుంది. మర్నాడు ఒకటితో మొదలుపెట్టిస్తే మూడు సరుకులు నిక్షేపంగా వచ్చాయి. తవుడు మాత్రం సున్నా. (అంటే నా నాలుగు సున్నాల్లో ఒకటి సరైనదే. ఈ మాట ఎవరూ గమనించలేదు, నేనే చెప్పుకోవలసి వచ్చింది.)

ఒకటి పెట్టడానికి ఆధారం లేదనే సున్నా పెట్టానని సారుకు వివరించాను. ఆయన కలం మూసి అడిగారు.

"మరి సున్నకేం ఆధారమున్నదమ్మా?"

ఆ ప్రశ్నకు సాకు వెతకనందుకే నన్ను ఉంచుకున్నానని ఆయన చాలా ఏళ్లకు చెప్పారు. ఆ రోజు మాత్రం నా చేతే ఒక అట్ట రాయించి గోడకు కొట్టించారు: మొదటి ఊహ సున్నా కారాదు. తర్వాత వచ్చిన పిల్లలు ఏటా దాన్ని చదివి, అంత తెలివితక్కువ పని చేసిందెవరు మేడం అని అడిగేవాళ్లు. ఎవరో పాతకాలం పిల్ల, నాకు అంతగా పరిచయం లేదు అనేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే, ఆ ఒక్క సంగతిలో నేను అబద్ధమేమీ చెప్పలేదనిపిస్తుంది.