వెంటిలేటరు మూసిన చలికాలం

మా అమ్మాయి నెలలు నిండకుండా పుట్టింది. గుంటూరు ఆసుపత్రిలో కొన్నాళ్లు అద్దాల పెట్టెలో ఉంచి, ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది, బిడ్డకి చలి తగలనివ్వొద్దని. అది డిసెంబరు నెల. మా ఊరు చిలకలూరిపేటకి దగ్గర. చుట్టూ పత్తి, మిరప చేలు. ఎండలకి భయపడటమే తప్ప చలికి తగ్గట్టు ఇల్లు కట్టుకోవడం మాలో ఎవరికీ తెలియదు. మాది సిమెంటు రేకుల ఇల్లు. పొద్దు వాలగానే రేకులు చల్లబడేవి. తెల్లవారేసరికి లోపలివైపు చెమ్మ పట్టి, చుక్కలు మంచం మీద రాలేవి.

మావారికి పేటలో స్పిన్నింగు మిల్లులో రాత్రి డ్యూటీ. నాకు తోడుగా మా అమ్మ వచ్చింది. ఆమె కూలికి పత్తి తీస్తుంది. తీతలు జోరుగా సాగే రోజుల్లో పని మానుకుని వచ్చింది.

మొదట మావారు కరెంటు హీటరు తెచ్చారు. అది పెడితే లైటు మసకబారేది. కాసేపటికి ప్లగ్గు దగ్గర కాలిన వాసన వచ్చింది.

“మన వైరింగు దీనికి ఆగదు. ఇల్లు తగలబడుద్ది,” అని తీసేశారు.

అప్పుడు అమ్మ బొగ్గుల కుంపటి బయటికి తీసింది. ఆమె చేసే పనిలో అజాగ్రత్త ఏమీ లేదు. మిరప కట్టె ఘాటుకి బిడ్డ దగ్గుతుందని దాన్ని ముట్టుకోలేదు. బొగ్గులు వాకిట్లోనే రాజేసి, పొగంతా పోయి ఎర్రగా అయ్యాకే గదిలోకి తెచ్చేది. వేడి బయటికి పోకుండా వెంటిలేటరులో గోనెసంచి కుక్కింది. తలుపు కింద సందులో పాత చీర దోపింది. గది మొదటిసారి వెచ్చగా అయింది. నేను దుప్పటి తీసేసి కూర్చున్నాను.

తెల్లవారుతుండగా నాకు తల పగిలిపోతున్నట్టు అనిపించి మెలకువ వచ్చింది.

“అమ్మా, తల నొప్పిగా ఉందే.”

“నిద్ర లేకమ్మా. కాసేపు పడుకో, నేను చూసుకుంటాలే,” అంది. ఆ మాట ముద్దముద్దగా వచ్చింది.

మళ్లీ కళ్లు తెరిచేసరికి అమ్మ గోడకి చేరగిలబడి ఉంది. తల ఒక పక్కకి వాలిపోయింది. పాల వేళ దాటినా బిడ్డ ఏడవలేదు. చెయ్యి వేసి చూశాను. ఒళ్లు వెచ్చగా ఉంది. వెచ్చగా ఉంది కదా, పర్వాలేదు అనుకున్నాను. అయినా ఎందుకో భయం వేసి లేవబోతే కాళ్లు నా మాట వినలేదు.

అప్పుడే మావారు డ్యూటీ దిగి వచ్చారు. పిలిస్తే ఎవరూ పలక్కపోయేసరికి భుజంతో తలుపు తోసుకుని వచ్చారట. ముందు బిడ్డని చొక్కాలో పెట్టుకుని బయటికి పరిగెత్తారు. తర్వాత మా ఇద్దర్నీ ఒకరి తర్వాత ఒకర్ని మంచులోకి ఈడ్చుకొచ్చారు. పక్కింటాయన ఆటో తీశాడు.

ఆసుపత్రిలో ముగ్గురికీ ఆక్సిజను పెట్టారు. స్పృహలోకి వచ్చాక డ్యూటీ డాక్టరు అడిగాడు.

“గదిలో నిప్పులు ఎవరు పెట్టారండీ?”

“నేనేనండి,” అంది అమ్మ. “పొగ అసలు లేదండి. అంతా పోయాకే తెచ్చాను.”

“పొగ కనపడకపోయినా బొగ్గుల్లోంచి విషం వస్తుందమ్మా. దానికి వాసన కూడా ఉండదు. గాలి ఆడని గదిలో చాలా ప్రమాదం.”

అమ్మ వేళ్లకి అంటిన బొగ్గు మసిని చీర కొంగుకి తుడుచుకుంది.

ఇంటికి వచ్చాక ఆమె వసారాలోనే పడుకునేది. బిడ్డని ఎత్తుకోమంటే ఏదో పని ఉన్నట్టు లేచి వెళ్లిపోయేది. మావారు ఒక్క మాట అనకపోవడం ఆమెకి మరీ కష్టంగా ఉంది.

“తిట్టు బాబూ, ఒక్క మాటైనా తిట్టు,” అంది ఒకరోజు.

“తిడితే ఏమొస్తదత్తయ్యా? గది సంగతి చూద్దాం, రండి,” అన్నారాయన.

ఇద్దరూ కలిసి మిరపకాయల గోనెసంచులు ఉతికారు. ఒకసారికి ఘాటు పోక మళ్లీ మళ్లీ ఉతికారు. అమ్మ వాటిని విప్పి, దబ్బనంతో ఒకదానికొకటి కలిపి కుట్టింది. మావారు ఆ పట్టాని రేకులకి జానెడు కింద కట్టారు. చలి రేకుల దగ్గరే చాలావరకు ఆగిపోయింది. చుక్కలు పడటం మానాయి. పగలు కిటికీ తెరిచి ఎండని లోపలికి రానిచ్చి, పొద్దు వాలకముందే మూసేవాళ్లం. వెంటిలేటరుని మాత్రం మళ్లీ ఎప్పుడూ ముయ్యలేదు. బిడ్డని బట్ట అడ్డం లేకుండా గుండెకి ఆనించి గుడ్డతో కట్టుకోవడం నర్సమ్మ నేర్పింది. పగలు మావారు, రాత్రి నేను అలాగే ఉండేవాళ్లం.

మావారు డ్యూటీకి వెళ్లాక ఒకరోజు నాకు జ్వరం వచ్చింది. అమ్మకి తప్పలేదు. చేతులు కడుక్కుని వచ్చి బిడ్డని గుండెకి కట్టుకుంది. కళ్లు మూసుకుంటే ప్రార్థన అనుకున్నాను. కాదు, బిడ్డ ఊపిరి వింటోంది.

ఇప్పుడు మా అమ్మాయి బడికి వెళ్లే వయసుకి వచ్చింది. పరుగెడుతుంది, అన్నీ అర్థం చేసుకుంటుంది. మాటలు మాత్రం సరిగ్గా రాలేదు. గుంటూరులో చూపించాం. నెలలు తక్కువ పిల్లల్లో కొందరికి ఇలా ఉంటుందన్నారు. ఆ ఉదయం సంగతి చెబితే, దాని వల్లేనని చెప్పలేమన్నారు, కాదనీ చెప్పలేమన్నారు.

బయట బెంచీ మీద అమ్మ కూర్చుని ఉంది.

“ఏమన్నారు?”

“నెలలు నిండక పుట్టింది కదా, అందుకేనన్నారు.”

“అంతేనా? నిజం చెప్పు.”

దాచలేకపోయాను. మొత్తం చెప్పాను. అమ్మ ఏడవలేదు. పిల్ల జడకి ఊడిన రిబ్బను కట్టి, చెయ్యి పట్టుకుని బస్టాండు వైపు నడిచింది.

మాటలు నేర్పించే క్లాసుకి వారం వారం తీసుకెళ్లేది ఇప్పుడు ఆమే. పత్తి తీతకి పోని రోజు సాయంత్రం వసారాలో ఎదురుబొదురుగా కూర్చుని పలికిస్తుంది. “అత్త... ఆవు... ఇల్లు...” పిల్ల ఆమె పెదవుల వంకే చూస్తుంది. ఒక్కోసారి పలుకుతుంది. ఒక్కోసారి మొహం తిప్పేసుకుంటుంది. అమ్మ కాసేపు ఆగి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతుంది.